ఏడిపించుడు ఎవరి ఆట?
బడిలో కులవేధింపుల చరిత్ర – సీతాఫల్‌మండి నుంచి కొన్ని ఆలోచనలు

‘బుల్లీయింగ్’ అనే ఇంగ్లీషు మాట ఇప్పుడు మన బడుల్లోకి వచ్చింది. ఫీజులు ఎక్కువున్న స్కూళ్ళ గోడల మీద దాని గురించి పోస్టర్లున్నాయి, కౌన్సెలర్లున్నారు. సెల్‌ఫోన్ వచ్చినంక దాని ముందు ‘సైబర్’ కూడా చేరింది. తెలుగులో దీనికి సరిగ్గా ఒక్క మాట లేదు. ఏడిపించడం, ఆటపట్టించడం, వెక్కిరించడం, గేలిచేయడం, మన దిక్కు సతాయించుడు – ఇట్లా ఓ అరడజను మాటలున్నాయి. వీటిలో చాలావాటికి ఒక నవ్వు అంటుకొని ఉంటుంది. ‘పిల్లలన్నంక ఏడిపించుకోరా?’ అని పంతులు అంటే తల్లిదండ్రులు ఊరుకుంటారు. ఏడిచినవాడు ఎవరు, ఏడిపించినవాడు ఎవరు, ఏ మాటతో ఏడిపించిండు అనే ప్రశ్నలు ఆ నవ్వులో కొట్టుకుపోతాయి.

ఈ వ్యాసంలో మేము ఆ ప్రశ్నలే వేయదలచుకున్నాం. మా వాదన ఇది: బడిలో ఒక దళిత పిల్లను కులం పేరుతో, కులాన్ని గుర్తుచేసే మాటతో తోటి పిల్లలు ఏడిపిస్తే అది పిల్లల అల్లరి కాదు. ఒకనాడు బడే స్వయంగా అమలుచేసిన నియమం అది. చట్టం ఆ నియమాన్ని కొట్టేసింది. కొట్టేసిన తర్వాత అది పిల్లల నోళ్ళలోకి చేరి బతుకుతున్నది. కాబట్టి దానికి జవాబు ఒక్క పిల్లకు ధైర్యం చెప్పడంతో తీరదు. బడి తన చరిత్రకు తాను జవాబు చెప్పాలి.

మాట ఎక్కడ పుట్టింది?

ముందుగా ఈ ఆలోచనకే ఉన్న చరిత్రను చూద్దాం. పిల్లలు గుంపుగా ఒక పిల్లవాని మీద పడి పీడించడాన్ని గురించి ఆధునిక చర్చ స్వీడన్‌లో మొదలైంది. పీటర్-పాల్ హైనెమన్ అనే డాక్టరు 1969లో దీని మీద ఒక వ్యాసం రాసిండు. ఆయన పెంచుకున్న కొడుకు నల్లజాతి పిల్లవాడు. ఆ పిల్లవాణ్ణి తోటి పిల్లలు వెంటబడి వేధించడం చూసి రాసిన ఆ వ్యాసానికి ఆయన పెట్టిన పేరు ‘అపార్థైడ్’. అంటే ఈ చర్చ పుట్టుకలోనే జాతివివక్ష ఉన్నది.

తర్వాత మనస్తత్వశాస్త్రం దీన్ని అందుకున్నది. డాన్ ఓల్వేయస్ అనే పరిశోధకుడు దీనికి ఒక నిర్వచనం ఇచ్చిండు: కావాలని చేసేది, పదేపదే చేసేది, బలం ఉన్నవాడు బలం లేనివాని మీద చేసేది. నార్వేలో ముగ్గురు పిల్లలు ప్రాణాలు తీసుకున్న తర్వాత 1983లో ఆ దేశం బడులన్నిటిలో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. బెర్గెన్ పట్నంలో ఓల్వేయస్ చేసిన పనిలో వేధింపులు దాదాపు సగానికి తగ్గినయని ఆయన లెక్కతేల్చిండు. ఇందులో మనం నేర్చుకోవలసింది ఉన్నది. ఆయన ఒక్క పిల్లవాణ్ణి బాగుచేసే పని పెట్టుకోలేదు. టీచర్లు, తల్లిదండ్రులు, తరగతి, ఆటస్థలం – మొత్తం బడిని మార్చే పని పెట్టుకున్నడు.

కానీ ఈ దారిలో ఒకటి జారిపోయింది. ‘బలం’ అంటే కండబలం, వయసు, తరగతిలో పలుకుబడి అనే అర్థం స్థిరపడింది. హైనెమన్ పెట్టిన శీర్షిక మరుగునపడింది. ఆ రూపంలోనే ఈ మాట మన దేశానికి దిగుమతి అయింది. మన బడిలో బలం ఎట్లా వస్తది? బక్కగా ఉన్న పిల్లవాడు కూడా, తరగతిలో మార్కులు రాని పిల్లవాడు కూడా, ఒక్క కులం మాటతో తనకన్నా బలమైన దళిత పిల్లవాణ్ణి కూలదోయగలడు. ఆ బలం వాని సొంతం కాదు, వారసత్వంగా వచ్చింది. ఇంట్లో విన్నది, ఊర్లో చూసింది, బడి ఒప్పుకున్నది.

తలుపు, గోనెపట్టా

బడి ఒప్పుకున్నది అనే మాట ఊరికే అనడం లేదు. 1856లో ధార్వాడలో ఒక మహర్ పిల్లవాణ్ణి సర్కారు బడిలో చేర్చుకోలేదు. ఆ పిల్లవాడు బొంబాయి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నడు. ఒక్క పిల్లవాని కోసం మిగతా వాళ్ళందరికీ బడిని పనికిరాకుండా చేయలేమన్నది ప్రభుత్వ జవాబు సారాంశం. అంటే ఆనాడు ఏడిపించే పని పిల్లలకు వదిలిపెట్టలేదు. తలుపు దగ్గరనే ప్రభుత్వం ఆ పని చేసింది.

తలుపు తెరుచుకున్న తర్వాత ఏమైంది? సతారా బడిలో అంబేడ్కర్ ఎట్లా కూర్చున్నడో మనకు తెలుసు. తరగతిలో అందరికీ దూరంగా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద. బడి ఊడ్చే నౌకరు ఆ పట్టాను ముట్టుకోడు కాబట్టి సాయంత్రం మళ్ళీ ఇంటికి మోసుకుపోవాలె. దాహమైతే నౌకరు వచ్చి నల్లా తిప్పాలె. ఆనాడు నౌకరు లేకుంటే ఆ పిల్లవానికి నీళ్ళు లేవు. ఈ సంగతులు ఆయనే ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్నడు. ఇక్కడ ఒకటి గమనించాలె. ఏ పిల్లవాడు ఆయనను ఏమన్నడు అనేది ఇందులో ముఖ్యం కాదు. కూర్చునే చోటు, నీళ్ళ నల్లా, పట్టా – ఇవే ఆ పిల్లవానితో రోజూ మాట్లాడినయి. తోటి పిల్లలు వాటిని చూసి చదువుకున్నరు. పలక మీద అక్షరాలు దిద్దడానికి ముందే, ఎవరిని ఎక్కడ ఉంచాలో దిద్దుకున్నరు.

ఆ గోనెపట్టా మీద కూర్చున్న పిల్లవానికే 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. సీతాఫల్‌మండి నుంచి నడిచిపోయేంత దూరంలో జరిగిన ఈ సంగతి మన చుట్టుపక్కల బడి పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఇసామియా బజార్ నుంచి చిలకలగూడ దాకా

మనవాళ్ళు దీన్ని సహించి ఊరుకోలేదు. హైదరాబాద్ నగర చరిత్రలో దీనికి ఇచ్చిన జవాబు చాలా గట్టిది. కానీ ఆ జవాబును విద్యాచరిత్రగా ఎవరూ మనకు చెప్పలేదు.

మాదరి భాగయ్యగా 1888లో పుట్టి భాగ్యరెడ్డివర్మగా నిలిచిన మనిషి 1906లో జగన్ మిత్ర మండలి పెట్టిండు. 1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో దళిత పిల్లల కోసం బడులు తెరిచిండు. సర్కారు చదువంతా ఉర్దూలో నడుస్తున్న నిజాం రాజ్యంలో ఈ పిల్లలకు తెలుగులో అక్షరాలు చెప్పించిండు. తర్వాతి రెండు దశాబ్దాల్లో ఈ ఆది హిందూ బడులు నగరంలో రెండు డజన్లకు పైగా అయినయి. రెండు వేల మందికి పైగా పిల్లలు చదువుకున్నరు. 1930లలో నిజాం ప్రభుత్వం వాటి బాధ్యత తీసుకున్నది.

ఈ బడులను కేవలం అక్షరాస్యత కార్యక్రమంగా చూస్తే వాటి అసలు పని మనకు కనపడదు. అక్కడ ఏ పిల్లా ఒంటరి కాదు. పేరు పిలిస్తే వెనక నుంచి నవ్వు రాదు. నీళ్ళ కుండ అందరిదీ. అంటే వేధింపు పనిచేయడానికి కావలసిన మొదటి షరతును, ఒక్క పిల్ల చుట్టూ గుంపు అనే షరతును, ఈ బడులు తీసేసినయి. రెండో షరతు పేరు. తిట్టుగా మారిన పేరుతో పిలిపించుకోవడం కన్నా మన పేరు మనమే పెట్టుకుందామని 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ తన పేరులో ‘పంచమ’ను తీసేసి ‘ఆది ఆంధ్ర’ అని పెట్టుకున్నది. హైదరాబాద్ రాజ్యంలో ‘ఆది హిందూ’ పేరు 1931 జనాభా లెక్కల్లోకి ఎక్కింది. బడిలో హాజరు పిలిచేటప్పుడు ఏ పేరు వినపడాలి అనేది చిన్న సంగతి కాదని ఆ తరానికి తెలుసు.

రైళ్ళు, కంటోన్మెంటు వచ్చినంక సికింద్రాబాద్ దిక్కు ఇంకొక చరిత్ర నడిచింది. 1893లో లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు వచ్చింది. కంటోన్మెంటులో తెల్లదొరల ఇండ్లల్లో, రైల్వేలో పని దొరికింది. ఊరి దొర కింద వెట్టి చేసిన తండ్రికి ఇక్కడ నెలజీతం వచ్చింది. నెలజీతం వచ్చిన ఇంటి పిల్లలు బడికి పోయిండ్రు. అరిగె రామస్వామి, బి.ఎస్.వెంకటరావు, పి.ఆర్.వెంకటస్వామి వంటి వాళ్ళు జంటనగరాల్లో ఉద్యమాన్ని నిర్మించింది ఈ నేల మీదనే. ఆ చరిత్రను వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో పుస్తకంగా అచ్చువేయకపోయుంటే మనకు చాలా సంగతులు మిగిలేవి కావు.

సీతాఫల్‌మండి పక్కనే ఉన్న చిలకలగూడలో 1918లో ఈశ్వరీబాయి పుట్టింది. టీచరుగా పనిచేసింది. అదే చిలకలగూడ నుంచి మునిసిపల్ కౌన్సిలరు అయింది. రిపబ్లికన్ పార్టీ తరఫున 1967లో ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు పోయింది. ఒంటరి దళిత స్త్రీ గొంతు అసెంబ్లీలో ఎట్లా వినపడాలో చూపించింది. ఈ పేటల్లో ఇప్పుడు చదువుకుంటున్న ఆడపిల్లకు ఆమె ఇల్లు ఎక్కడుండెనో చెప్పగలిగే టీచరు ఉంటే, అది వంద కౌన్సెలింగుల పెట్టు.

అయితే ఈ జవాబుకు ఒక హద్దు కూడా ఉన్నది. మన బడి మనకు రక్షణ. కానీ పై తరగతులకు పోవాలంటే అందరి బడికి పోక తప్పదు. మన బడిలో దాచిపెట్టిన పిల్లను అందరి బడిలో ఎవరు కాపాడతరు? ఆ ప్రశ్న 1956 తర్వాత ముందుకొచ్చింది.

హాస్టలోళ్ళు, సర్కారు అల్లుళ్ళు

రాజ్యాంగంలో 17వ అధికరణం వచ్చింది. 1955 చట్టం బడిలో, హాస్టల్‌లో చేర్చుకోనంటే నేరమన్నది. తలుపు దగ్గర ఆపడం బంద్ అయింది. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు వచ్చినయి. మొదటి తరంలో చదువుకున్న మావంటి వాళ్ళం చాలామందిమి ఆ హాస్టల్ అన్నం తిని విశ్వవిద్యాలయం గేటు దాటినం. ఎస్.ఆర్.శంకరన్ వంటి అధికారి లేకుంటే ఆ అన్నం కూడా ఇంత దొరకకపోవును.

కానీ ఏ చేయి అన్నం పెట్టిందో అదే చేయి మా మీద ముద్ర కూడా వేసింది. ‘హాస్టలోళ్ళు’ అంటే ఎవరో బడిలో అందరికీ తెలుసు. ఒక్కతీరు గుడ్డతో కుట్టిన చొక్కాలు, సర్కారు ఇచ్చిన ట్రంకుపెట్టె, స్కాలర్‌షిప్పు లిస్టు. ‘ఎస్సీ పిల్లలు లేచి నిలబడండ్రి’ అని తరగతి మధ్యలో అంటే, ఆ పంతులుకు చెడ్డ ఉద్దేశం లేకపోవచ్చు, ఫారాలు నింపే తొందర ఉండొచ్చు. లేచి నిలబడ్డ ఆ రెండు నిమిషాల్లో మిగతా తరగతి అంతా ఒక పాఠం నేర్చుకుంటది. మధ్యాహ్నం గంట కొట్టినంక ఆ పాఠం ‘సర్కారు అల్లుళ్ళు’ అనే మాటగా బయటికి వస్తది. ఆ మాట అన్న పిల్లవాణ్ణి పిలిచి మందలిస్తరు. లేచి నిలబడమన్న పద్ధతిని ఎవరూ మందలించరు.

1990లో మండల్ వ్యతిరేక ఆందోళనలో దేశమంతా ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలె. పై కులాల విద్యార్థులు రోడ్లు ఊడ్చిండ్రు, బూట్లు పాలిష్ చేసిండ్రు. రిజర్వేషన్లు వస్తే మాకు ఈ గతి పడుతుందని చూపడమే ఆ నిరసన. అదే తరగతిలో కూర్చున్న దళిత విద్యార్థికి అందులో వినపడిందేమిటి? నీ తల్లి పొద్దున లేచి చేసే పని మాకు అవమానం అని. నీ తండ్రి బతుకు మాకు వేషం అని. పత్రికలు దాన్ని నిరసన అన్నయి. మేము దాన్ని వేధింపు అంటున్నాం – వందల మంది ఒక్కటై, తమ పక్క బెంచీ వాళ్ళను, వాళ్ళ ఇంటి పనితో ఏడిపించడం. కంచ ఐలయ్య 1996లో ‘నేను హిందువునెట్లయిత?’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పుస్తకంలో మన ఇంటి పనికీ బడి పాఠానికీ నడుమ ఉన్న అగాధం గురించి రాసింది ఈ నేపథ్యంలోనే. ఆయన అప్పుడు ఉస్మానియాలోనే పాఠాలు చెప్పేవాడు.

పిల్లలు ఈ మాటలు ఎక్కడ నేర్చుకుంటరు? దూరం పోనక్కరలేదు. సీతాఫల్‌మండి, వారాసిగూడ, తార్నాక గల్లీల్లో టు-లెట్ బోర్డులు చూడండి. ఊర్ల నుంచి ఉస్మానియాకు, పోటీ పరీక్షలకు వచ్చిన విద్యార్థులు గది అడిగితే కిరాయి సంగతి కన్నా ముందు ‘మీరేందోళ్ళు?’ అనే ప్రశ్న వస్తది. నోటితో అడగకుంటే ఇంటిపేరు అడుగుతరు, కూర ఏం వండుకుంటరని అడుగుతరు. పక్కన నిలబడ్డ ఇంటాయన కొడుకు అది వింటడు. మర్నాడు బడిలో కొత్తగా చేరిన పిల్లను ‘మీ ఇంటిపేరేంది?’ అని అడుగుతడు. వాడు కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు.

ఫోన్‌లో వాడ

సెల్‌ఫోన్ ఈ చరిత్రకు ఏం చేర్చింది? మూడు సంగతులు. మొదటిది, బడి గంట కొట్టినంక వేధింపు ఆగడం లేదు. వాడకు, ఇంటికి వచ్చి ఊపిరి పీల్చుకునే పిల్ల వెంబడే అది ఇంట్లోకి వస్తున్నది. రెండవది, అన్నవాడు ఎవరో తెలియదు, విన్నవాళ్ళు ఎందరో లెక్కలేదు. మూడవది మనకు పనికొచ్చేది: అన్న మాట అచ్చులో ఉంటది. ‘నేను అనలేదు’ అనడానికి ఇదివరకు ఉన్నంత వీలు ఇప్పుడు లేదు.

2020లో కరోనా వచ్చి బడులు మూసినప్పుడు పాఠం ఫోన్‌లోకి వచ్చింది. ఒక్క గది ఇంట్లో, వెనక గిన్నెల చప్పుడు మధ్య, అన్నాచెల్లెళ్ళు ఒక్క ఫోన్ పంచుకొని చదువుకున్నరు. అంబేడ్కర్ మోసుకుపోయిన గోనెపట్టా బడిలో కనపడింది. ఇప్పుడు కెమెరా తెరిస్తే ఇల్లంతా కనపడుతది.

2019 మే నెలలో ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వి అనే ఆదివాసీ ముస్లిం వైద్యవిద్యార్థిని ప్రాణం తీసుకున్నది. సీనియర్లు వాట్సాప్ గ్రూపుల్లో కూడా తనను అవమానించిండ్రని కుటుంబం ఆరోపించింది. కేసు కోర్టుకు పోయింది. మన హైదరాబాద్‌లోనే 2015లో కేంద్రీయ విశ్వవిద్యాలయం హాస్టల్ నుంచి ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను బయటికి పంపింది. వాళ్ళు ఆరుబయట వేసుకున్న గుడారానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నరు. 2016 జనవరి 17న వాళ్ళలో ఒకడైన రోహిత్ వేముల మనకు దక్కకుండ పోయిండు. చదువులో ఎంత పైకి పోయినా ఏదో ఒక రూపంలో ఆ తలుపు ఎదురవుతూనే ఉన్నదని ఈ రెండు సంఘటనలూ చెబుతున్నయి.

బడి పిల్లల సంగతికే వస్తే, పక్క రాష్ట్రం తమిళనాడులో నాంగునేరిలో 2023 ఆగస్టులో జరిగింది మనమంతా చదవాలె. పన్నెండో తరగతి దళిత పిల్లవాడు తోటి విద్యార్థుల వేధింపు భరించలేక బడికి రాకపోయిండు. పంతుళ్ళు అడిగితే సంగతి చెప్పిండు. చెప్పినందుకు ఇంటికి వచ్చి కొడవళ్ళతో నరికిండ్రు. అడ్డం వచ్చిన చెల్లెను కూడా నరికిండ్రు. నరికినవాళ్ళూ బడి పిల్లలే. తర్వాత ఆ ప్రభుత్వం జస్టిస్ కె.చంద్రు కమిటీ వేసింది. కులాన్ని తెలిపే రంగురంగుల చేతిపట్టీలు బడిలో నిషేధించాలని సహా ఎన్నో సూచనలతో ఆయన 2024 జూన్‌లో నివేదిక ఇచ్చిండు. ఇందులో ఒక పాఠం ఉన్నది: ఫిర్యాదు చెయ్యమని పిల్లకు చెప్పడం సులువు. ఫిర్యాదు చేసిన పిల్లను కాపాడే ఏర్పాటు లేకుంటే ఆ సలహా ప్రమాదం.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలె. ‘ఏడిపించడం’ అనే మాటకు ఆడపిల్ల విషయంలో ఇంకో అర్థమున్నది. దళిత బాలికకు రెండూ కలిసి వస్తయి – కులం పేరుతో హేళన, ఈమెనైతే ఏమన్నా అడిగేవాడు లేడన్న ధీమా. ఫొటో మార్చి గ్రూపులో పెడితే మొదటి శిక్ష ఆమెకే పడుతది: ఇంట్లో ఫోన్ గుంజుకుంటరు, తర్వాత చదువు మాన్పిస్తరు. మన వాడల్లో మన మగపిల్లలు మన ఆడపిల్లలను, ఉపకులాల పిల్లలను, ఆదివాసీ పిల్లలను ఏడిపిస్తే దాన్ని కూడా ఇదే పేరుతో పిలువాలె. బయటివాళ్ళకు ఒక తూకం, మనకు ఒక తూకం ఉండొద్దు.

ఏం చెయ్యాలె?

చట్టాలు లేవని కాదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టొద్దు, మానసికంగా హింసించొద్దు అన్నది. అట్రాసిటీ చట్టం పదిమంది ముందు కులం పేరుతో దూషించడాన్ని నేరమన్నది. కానీ పదమూడేండ్ల పిల్లవాణ్ణి జైలుకు పంపడం మా కోరిక కాదు. వాడు అన్న మాట వానికి ఎక్కడినుంచి వచ్చిందో బడి అంతా కూర్చొని చదువుకోవాలన్నది మా కోరిక. టీచర్లు, విద్యార్థి సంఘాలు రేపటినుంచే చేయదగిన పనులు కొన్ని మేము ప్రతిపాదిస్తున్నాం.

ఒకటి. వేధింపులో కులం ఉంటే ఫిర్యాదు కాగితంలో ‘అల్లరి’ అని రాయొద్దు. అన్న మాట అన్నట్టే రాయాలె. రాయని సంగతికి చరిత్ర ఉండదు.

రెండు. కులం, స్కాలర్‌షిప్పు, రిజర్వేషను వివరాలు తరగతిలో పైకి చదవొద్దు. ఆఫీసు గదిలో, ఒక్కొక్కరితో మాట్లాడి నింపాలె. బడి ఊడ్చే పని, దొడ్లు కడిగే పని ఏ పిల్లకూ శిక్షగా వేయొద్దు. ఆ పని ‘వీళ్ళది’ అనే పంపకం అసలే ఉండొద్దు.

మూడు. ఫోన్‌లో వచ్చిన మాటను కోపంతో తుడిచేయొద్దు. స్క్రీన్‌షాట్ తీసి, తేదీతో పెద్దవాళ్ళకు చూపాలె. పిల్లల సహాయానికి 1098, సైబర్ నేరాలకు 1930 నంబర్లున్నయి. ఫోన్ గుంజుకోవడం పరిష్కారం కాదు, బాధపడ్డ పిల్లకే మళ్ళీ శిక్ష.

నాలుగు. ఫిర్యాదు చేసిన పిల్ల ఒంటరిగా ఇంటికి పోవద్దు. ఇది మాటవరసకు అంటున్నది కాదు. బడి కమిటీలో దళిత తల్లిదండ్రులుండాలె. బస్తీ యువకులు, విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆ పిల్ల పక్కన కనపడాలె. 1993లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పుట్టిన అంబేడ్కర్ విద్యార్థి సంఘం చేసిన మొదటి మేలు ఇదే – ఒక్కొక్కరుగా నలిగిపోతున్న వాళ్ళకు ఒక గుంపును ఇచ్చింది.

ఐదు. పాఠం. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో 2012 తర్వాత ఆర్.ఎస్.ప్రవీణ్‌కుమార్ కాలంలో పిల్లలు తమను ‘స్వేరోలు’ అని పిలుచుకున్నరు. ఎవరికన్నా తక్కువ కాదని రోజూ ప్రతిజ్ఞ చేసిండ్రు. ఆ గురుకులాల పిల్ల పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కింది. 1917లో బెజవాడలో పేరు మార్చుకున్న సభకు, ఈ ప్రతిజ్ఞకు చుట్టరికమున్నది. అయితే ఈ ప్రతిజ్ఞ గురుకులం గోడల లోపలే ఉంటే చాలదు. తక్కువ కాదని దళిత పిల్ల ఒక్కతే చెప్పుకుంటే సరిపోదు, ఆమె తక్కువ కాదని పక్క బెంచీ పిల్ల కూడా చదువుకోవాలె. భాగ్యరెడ్డివర్మ బడులు, ఈశ్వరీబాయి జీవితం అందరి బడిలో అందరి పాఠం కావాలె.

ఉస్మానియా చుట్టూ ఉన్న బస్తీల బడులకు పరిశోధక విద్యార్థులం వారానికి ఒక్క గంట ఇవ్వగలమా? ఈ చరిత్ర చెప్పడానికి, అంతకన్నా ముందు పిల్లలు చెప్పేది వినడానికి. ఈ ప్రశ్నను మా తోటి పరిశోధకుల ముందు, టీచర్ మిత్రుల ముందు పెడుతున్నాం. ధార్వాడ పిల్లవాడు 1856లో ఒక్కడే అర్జీ పట్టుకొని నిలబడ్డడు. ఇప్పుడు అర్జీ పెట్టే పిల్ల వెనక మనం నిలబడవచ్చు. నిలబడకుంటే ఆ తప్పు ప్రభుత్వం మీద మాత్రమే వేయలేం.